కట్టెల పొయ్యి, పొగగొట్టం: చలిదేశాల్లో ఇంటి వేడి

గదిని వెచ్చగా ఉంచడానికి, అన్ని వైపులా మూసిన ఇనుప లేదా ఇటుక గూడులో కట్టెలు మండించి, పొగను గొట్టం ద్వారా ఇంటి కప్పు పైకి పంపే ఏర్పాటు ఇది. తెలుగునాట పొయ్యి అంటే వంటకే. చలి కాచుకోవడానికి మనకు కుంపటి, నెగడు ఉన్నాయి. రెండింటికీ పొగగొట్టం అక్కర లేదు, ఎందుకంటే మన చలి కొన్ని వారాల్లో పోతుంది, తలుపులు తీసి ఉంచినా ప్రాణం మీదికి రాదు. నార్వే, ఫిన్లాండ్, రష్యా, కెనడా, అలాస్కా, మన దేశంలో కశ్మీర్, లదాఖ్, లాహౌల్-స్పితి వంటి చోట్ల సంగతి వేరు. అక్కడ నెలల తరబడి తలుపులు బిగించుకుని లోపల నిప్పు పెట్టుకోవాలి. వేడి లోపల నిలవాలి, పొగ బయటికి పోవాలి. ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. కట్టెల పొయ్యి చరిత్ర అంతా ఆ చిక్కును విప్పుకునే ప్రయత్నమే.

పొయ్యి కొనేవారు దాని ఆకారం, గాజు తలుపు, పోత ఇనుము నాణ్యత చూస్తారు. నిజానికి ముందు చూడవలసింది పొగగొట్టం. పొయ్యిలోకి గాలిని లాగేది, మంటను నిలబెట్టేది, పొగ గదిలోకి తిరగబడకుండా చూసేది అదే. మంచి పొయ్యికి చెడ్డ గొట్టం తగిలిస్తే అది చెడ్డ పొయ్యి అవుతుంది; మామూలు పొయ్యికి మంచి గొట్టం దొరికితే ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంది.

పొగను పైకి లాగేదేమిటి

వేడి గాలి వ్యాకోచించి తేలికవుతుంది. గొట్టం లోపల ఉన్న వేడి వాయువుల బరువు, అంతే ఎత్తున బయట ఉన్న చల్లగాలి బరువు కంటే తక్కువ. ఆ తేడా వల్ల బయటి గాలి కింది నుంచి పొయ్యిలోకి తోసుకొస్తుంది, లోపలి వాయువు పైకి పోతుంది. ఈ లాగుడు రెండింటి మీద ఆధారపడుతుంది: గొట్టం ఎత్తు, లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా.

లెక్క వేసి చూస్తే, 5 మీటర్ల గొట్టంలో వాయువుల సగటు వేడి 200 డిగ్రీల సెల్సియస్, బయట 0 డిగ్రీలు ఉన్నప్పుడు లాగే ఒత్తిడి సుమారు 27 పాస్కల్‌లు. బయట మైనస్ 20 ఉంటే అది 32కు పెరుగుతుంది. బయట 30 డిగ్రీల ఎండ ఉంటే 20కి పడిపోతుంది. గొట్టం గోడల రాపిడి, వంపులు కొంత తినేస్తాయి కనుక నిజంగా అందేది ఇంతకంటే తక్కువ. యూరప్‌లో పొయ్యిలను పరీక్షించేటప్పుడు మామూలుగా 12 పాస్కల్‌ల లాగుడు ఉంచి చూస్తారు. 27 పాస్కల్‌లు అంటే మూడు మిల్లీమీటర్ల నీటిమట్టం కలిగించే ఒత్తిడి కంటే తక్కువ. ఇల్లంతా నమ్ముకున్న యంత్రం ఇంత సన్నని బలంతో నడుస్తుంది. వంటింట్లో పొగలాగే ఫ్యాన్ వేస్తే చాలు, అది ఇంటి గాలిని బయటికి తోడేస్తూ పొయ్యి పొగను వెనక్కి గుంజగలదు. ఇప్పటి ఇళ్లకు సందులు లేకుండా తలుపులు, కిటికీలు బిగిస్తారు కాబట్టి ఈ బాధ పెరిగింది; చాలా చోట్ల పొయ్యికి నేరుగా బయటి నుంచి విడిగా గాలి గొట్టం పెడుతున్నారు.

ఈ లెక్క నుంచే మరో మాట తేలుతుంది. బయట 0 డిగ్రీలే ఉన్నా, మంటను అణచి గొట్టంలోని వాయువుల సగటు వేడిని 80 డిగ్రీలకు దించితే లాగుడు 14 పాస్కల్‌ల దగ్గరికి, అంటే సుమారు సగానికి, పడిపోతుంది. గొట్టంలోకి పోయే వేడి అంతా వృథా అనుకోవడం తప్పు. ఆ వేడిలో కొంత భాగమే పొగను మోసే కూలీ. దాన్ని మిగుల్చుకోవాలని గొట్టాన్ని మరీ చల్లబరిస్తే పొయ్యి పనిచేయడం మానేస్తుంది.

అందుకే గొట్టం ఎక్కడి నుంచి వెళుతుందన్నది ముఖ్యం. ఇంటి మధ్యగా, వెచ్చని గదుల గుండా పైకి పోయే గొట్టం వేడిని నిలుపుకుంటుంది. బయటి గోడకు ఆనించి కట్టిన ఇటుక గొట్టం చలికి చల్లారిపోతుంది. ఇప్పుడు వాడే ఉక్కు గొట్టాలు రెండు పొరలుగా, మధ్యలో వేడిని ఆపే పదార్థం కూరి తయారవుతాయి. గొట్టం కొస కప్పును దాటి తగినంత ఎత్తున లేకపోతే గాలి కప్పు మీద సుళ్లు తిరిగి పొగను కిందికి నొక్కుతుంది. అమెరికాలో పాటించే సూత్రం ప్రకారం, గొట్టం కప్పును చీల్చుకు వచ్చిన చోటు నుంచి కనీసం 3 అడుగులు, చుట్టూ 10 అడుగుల దూరంలో ఉన్న దేనికన్నా కనీసం 2 అడుగులు ఎత్తుగా ఉండాలి.

కట్టె ఎలా మండుతుంది

కట్టెను వేడి చేస్తే మొదట నీరు ఆవిరవుతుంది. 200 డిగ్రీలు దాటాక కట్టె విచ్ఛిన్నమై మండే వాయువులు వదులుతుంది. ఎండు కట్టె బరువులో ఇంచుమించు ముప్పాతిక భాగం ఇలా వాయువుగానే పోతుంది. మిగిలిన బొగ్గు తర్వాత నిదానంగా కాలుతుంది. మనకు కనిపించే మంట ఆ వాయువుల మంటే. అవి పూర్తిగా కాలాలంటే 600 డిగ్రీల దాకా వేడి, చాలినంత గాలి, రెండూ కలవడానికి కొంత వ్యవధి కావాలి. వీటిలో ఏది తగ్గినా వాయువులు కాలకుండానే పొగగా, తారుగా బయటపడతాయి. పొగ అంటే కాలని కట్టె.

అప్పుడే కొట్టిన చెట్టులో బరువుకు సగం దాకా నీరే ఉంటుంది. కిలో పచ్చికట్టె అంటే అర లీటరు నీరు పొయ్యిలో పోయడమే. ఆ నీటిని ఆవిరి చేయడానికి ఖర్చయ్యే వేడి కంటే పెద్ద నష్టం మరొకటి ఉంది: మంట వేడి పడిపోయి, వాయువులు కాలకుండా జారిపోతాయి. నీటి శాతం 20కి దిగేదాకా ఆరబెట్టిన కిలో కట్టెలో సుమారు 4 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది. మూసిన మంచి పొయ్యి అందులో 70 శాతానికి పైగా గదికి ఇవ్వగలదు. గోడలో తెరిచి ఉంచిన పాతకాలపు అగ్గిగూడు చాలా భాగాన్ని గొట్టం పాలు చేస్తుంది, పైగా గదిలో వెచ్చబడిన గాలిని కూడా తనతో లాక్కుపోతుంది.

కిలోకి కిలో చూస్తే జాతిని బట్టి కట్టెల వేడిలో పెద్ద తేడా లేదు. తేడా సాంద్రతలో ఉంది. ఓక్, బీచ్ వంటి గట్టి కట్టె ఒకే గూడులో ఎక్కువ బరువు పడుతుంది, ఎక్కువసేపు నిప్పు నిలుపుతుంది. పైన్, స్ప్రూస్ త్వరగా అంటుకుని త్వరగా అయిపోతాయి. అందుకని పైన్ పుల్లలతో రాజేసి, గట్టి కట్టెతో నిలబెడతారు. పైన్ కట్టెలో జిగురు ఉంటుంది కనుక గొట్టం పాడవుతుందన్న నమ్మకం చాలా దేశాల్లో ఉంది. గొట్టానికి హాని చేసేది జాతి కాదు, తడి. ఎండిన పైన్ కంటే పచ్చి ఓక్ ఎక్కువ తారు పట్టిస్తుంది.

ఆరబెట్టడం పెద్ద పని. చలికాలం చివర చెట్టు కొట్టి, చీల్చి, నేలకు తగలకుండా దిమ్మల మీద పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కల గాలి ఆడనివ్వాలి. భూర్జ, పైన్ ఒక వేసవికి ఆరుతాయి. ఓక్‌కు రెండేళ్లు పడుతుంది. నార్వే వారికి ఈ పని మీద ఎంత మక్కువంటే, 2013 ఫిబ్రవరిలో అక్కడి జాతీయ టెలివిజన్ కట్టెలు చీల్చడం, పేర్చడం, మండించడం గురించి 12 గంటల కార్యక్రమం ప్రసారం చేసింది. బెరడు పైకి ఉండేలా పేర్చాలా, కిందికి ఉండేలానా అని ప్రేక్షకులు తీవ్రంగా వాదించుకున్నారు. కట్టె ఎండలేదంటే మిగతా ఏ నేర్పూ అక్కరకు రాదు కనుక, ఆ శ్రద్ధ అర్థం చేసుకోదగిందే.

చలి ఉదయాన ముట్టించడం

రాత్రి నిప్పు ఆరిపోతే గొట్టం నిండా చల్లగాలి గడ్డకట్టుకుని ఉన్నట్టే. బరువైన ఆ గాలి కిందికి దిగుతూ ఉంటుంది. పొయ్యి తలుపు తీస్తే ముఖానికి చల్లగా తగులుతుంది. అప్పుడు కట్టెలు ముట్టిస్తే పొగంతా గదిలోకే. అలవాటున్నవాళ్లు ముందు దగ్గరలో ఉన్న కిటికీ కొంచెం తీస్తారు. తర్వాత కాగితం చుట్టలు గొట్టం మొదట్లో మండించి లోపలి గాలిని వేడెక్కిస్తారు. గొట్టం లాగడం మొదలుపెట్టిందని మంట మొగ్గుతున్న తీరును బట్టి తెలుస్తుంది.

ముట్టించే పద్ధతిలో ఉత్తర యూరప్‌లో ఇప్పుడు గట్టిగా చెబుతున్నది మనకు తలకిందులుగా తోస్తుంది. లావు కట్టెలు అడుగున, వాటి మీద సన్నవి, అన్నిటి పైన చితుకులు, నిప్పు పైన. మంట పై నుంచి కిందికి దిగుతుంది. అడుగు కట్టెలు వేడెక్కి వదిలే వాయువులు పైన సిద్ధంగా ఉన్న మంట గుండా పోవాలి కనుక కాలిపోతాయి. గొట్టం కూడా మొదటి నిమిషాల నుంచే వేడెక్కుతుంది. కింద నిప్పు పెట్టి పైన కట్టెలు పేర్చే మామూలు పద్ధతిలో చల్లటి కట్టెల మీదుగా పొగ గొట్టంలోకి పోతుంది.

మంట బాగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంటి బయటికి వెళ్లి గొట్టం కొసను చూడడం కన్నా మంచి పరీక్ష లేదు. ముట్టించిన కాసేపటికి పొగ దాదాపు కనిపించకూడదు. చలిలో తెల్లటి ఆవిరి కనిపించి వెంటనే మాయమవుతుంది. బూడిదరంగు పొగ సాగి సాగి కప్పుల మీద పరుచుకుంటుంది. పొయ్యి గాజు తలుపు నల్లబడుతున్నా అదే సూచన.

రాత్రంతా నిప్పు నిలపాలన్న ఆశ

చలిదేశంలో ఎవరికైనా పడుకునే ముందు వచ్చే ఆలోచన ఒకటే: పొయ్యి నిండా కట్టెలు కూరి, గాలి కన్నాలు మూసేస్తే తెల్లవార్లూ నిప్పు ఉంటుందని. ఉంటుంది. కానీ గాలి అందక కట్టె మగ్గుతుంది, తారు వాయువులు చల్లబడిన గొట్టంలోకి పోతాయి. గొట్టం లోపలి వేడి 120 డిగ్రీల కంటే దిగితే ఆ వాయువులు గోడల మీద ద్రవించి, నల్లటి, జిగట పదార్థంగా అంటుకుంటాయి. దీన్ని క్రియోసోట్ అంటారు. మొదట అది పొడి మసిలా ఉంటుంది, బ్రష్‌తో రాలుతుంది. తర్వాత పెచ్చులు కడుతుంది. చివరికి గాజులా మెరిసే గట్టి పొరగా మారి గీకినా ఊడదు.

అది మండే పదార్థం. ఒక రోజు గట్టి మంట వేసినప్పుడు నిప్పురవ్వ తగిలితే గొట్టమే పొయ్యి అవుతుంది. లోపల వేడి 1,100 డిగ్రీల దాకా పోవచ్చు. రైలు వెళుతున్నట్టు హోరు వినిపిస్తుంది, కొస నుంచి మంటలు, రవ్వలు ఎగుస్తాయి, ఇటుకలు పగులుతాయి, పక్కనున్న కప్పు దూలాలు అంటుకుంటాయి. అప్పుడు చేయవలసింది పొయ్యి తలుపు, గాలి కన్నాలు మూసి, అందరూ బయటికి వచ్చి, అగ్నిమాపక దళాన్ని పిలవడం. గొట్టంలో నీళ్లు పోయకూడదు. వేడి ఇటుక పగిలిపోతుంది, నీరు ఒక్కసారిగా ఆవిరై విరుచుకుపడుతుంది. ఏడాదికోసారైనా గొట్టాన్ని పరీక్షింపజేసి శుభ్రం చేయించాలని చాలా దేశాల నియమాలు చెప్పేది ఇందుకే. రోజుకు రెండు మూడు సార్లు తక్కువ కట్టెతో, పూర్తి గాలితో, వేడి మంట వేసుకునే ఇంట్లో ఈ పొర పెద్దగా పట్టదు.

మరో ప్రమాదం కంటికి కనిపించదు, ముక్కుకు అందదు. మంట ఆరి కణికలు మిగిలిన వేళ గొట్టం చల్లబడుతుంది, లాగుడు తగ్గుతుంది, కణికలు మాత్రం కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. ఆ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వస్తాయి. నిద్రలో ఉన్నవారికి అవి కూడా తెలియవు. వేడి పోకుండా ఉండాలని కణికలు ఉండగానే గొట్టం మూత వేసేయడం రష్యా పల్లెల్లో తరతరాలుగా ప్రాణాలు తీసిన పొరపాటు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం మన దగ్గరా అదే ముప్పు. దానికి గొట్టమే లేదు. ఇంగ్లండ్‌లో కట్టెల పొయ్యి కొత్తగా బిగించే చోట ఈ వాయువును పసిగట్టి మోగే పరికరం 2010 నుంచి తప్పనిసరి. పొయ్యి ఉన్న ప్రతి ఇంట్లో అది ఉండాలి. దాని ధర కట్టెల ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

బూడిద విషయంలో మన పాత మాటే అక్షరాలా నిజం. నివురుగప్పిన నిప్పు బూడిదలో రోజుల తరబడి బతికి ఉంటుంది. మూత ఉన్న లోహపు బకెట్‌లో ఎత్తి, ఇంటికి దూరంగా, చెక్క మెట్ల మీద కాకుండా నేల మీద ఉంచాలి.

పొగ నుంచి గొట్టం దాకా

యూరప్‌లో చాలాకాలం ఇంటి మధ్య నిప్పు, కప్పులో కన్నం. 12వ శతాబ్దం నుంచి కోటల్లో గోడ గొట్టాలు వచ్చాయి. మామూలు ఇళ్లకు చేరేసరికి 16, 17వ శతాబ్దాలు అయింది. ఇంగ్లండ్‌లో 1662 నుంచి 1689 దాకా ఇంట్లో ఎన్ని అగ్గిగూళ్లుంటే అంత పన్ను ఉండేది. రష్యాలో పొగగొట్టం లేని ఇళ్లు అంతకంటే చాలాకాలం నిలిచాయి; గోడల పైభాగం మసితో నల్లగా ఉండేది కనుక వాటిని నల్ల ఇళ్లు అనేవారు.

1742లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెన్సిల్వేనియాలో ఇనుప పొయ్యి రూపొందించాడు. పొగను వెంటనే పైకి పోనివ్వకుండా కిందికి తిప్పి, నేల కింది నుంచి గొట్టంలోకి పంపి, దాని వేడి పిండుకోవాలన్నది ఆలోచన. పేటెంట్ ఇస్తామన్నా తీసుకోలేదు. నలుగురికీ పనికొచ్చేది నలుగురిదీ కావాలన్నాడు. కానీ గొట్టం చల్లబడితే పొగ కిందికి దిగదు. తర్వాతివారు ఆ తిప్పుడు తీసేసి మామూలు గొట్టం పెట్టాక గానీ ఆ పొయ్యి సరిగా పనిచేయలేదు. అంతటివాడినీ పొగగొట్టం తన నియమానికి లొంగదీసింది.

స్వీడన్ వేరే దారి పట్టింది. అడవులు తరిగిపోతున్నాయన్న భయంతో 1767లో కార్ల్ యోహాన్ క్రోన్‌స్టెడ్, ఫాబియన్ వ్రేడె కొత్త పెంకుల పొయ్యిని తయారుచేశారు. మంట జోరుగా మండుతుంది. వేడి వాయువులు ఇటుక గోడల లోపల పైకీ కిందికీ పొడవైన దారుల్లో తిరిగి గొట్టం చేరతాయి. ఇటుక వేడిని దాచుకుని గంటల తరబడి గదికి ఇస్తుంది. రాత్రంతా నిప్పు అక్కర్లేదు, రాత్రంతా వేడి ఉంటుంది. రష్యా వారి భారీ ఇటుక పొయ్యి, దాని మీదే పడుకునే అలవాటు, ఫిన్లాండ్ వారి బలపపురాయి పొయ్యి, ఆస్ట్రియా పెంకుల పొయ్యి అన్నీ ఈ తెలివి మీదే నిలిచాయి. ఇనుప పొయ్యి కంటే ఇది మేలైన పరిష్కారమని చెప్పడానికి వెనకాడనక్కర్లేదు. బరువు, ఖర్చు, స్థలం మాత్రమే దానికి అడ్డు.

గొట్టాలు పెరిగిన కొద్దీ వాటిని ఊడ్చే పని పెరిగింది. ఇంగ్లండ్‌లో ఇరుకు గొట్టాల్లోకి చిన్నపిల్లలను ఎక్కించేవారు. ఆ పని చేసినవారికి వృషణాల చర్మానికి క్యాన్సర్ వస్తోందని 1775లో లండన్ వైద్యుడు పెర్సివల్ పాట్ రాశాడు. ఒక వృత్తికీ క్యాన్సర్‌కీ ముడిపెట్టిన తొలి పరిశీలన అదే. 1788 నుంచి చట్టాలు వచ్చినా అమలు కాలేదు. జార్జ్ బ్రూస్టర్ అనే బాలుడు గొట్టంలో ఇరుక్కుని చనిపోయాక, 1875 చట్టంతో ఆ దురాచారం ఆగింది. ఎవరి గది వెచ్చదనానికో ఎవరి పిల్లలో ఇచ్చిన ఆ ప్రాణాలను ఈ చరిత్ర నుంచి విడదీయకూడదు.

హిమాలయాల్లోనూ, హైదరాబాదులోనూ

కశ్మీర్, లదాఖ్‌లలో బుఖారీ అంటే రేకు లేదా ఇనుప పీపా లాంటి పొయ్యి, దానికి రేకు గొట్టం. చలికాలం రాగానే గది మధ్య బిగిస్తారు, వేసవికి విప్పేస్తారు. లాహౌల్-స్పితిలో ఇలాంటి పెట్టె పొయ్యినే తందూర్ అంటారు; వేడి, వంట, నీళ్లు కాగడం మూడూ దాని మీదే. లదాఖ్‌లో చెట్లు తక్కువ. విల్లో, పాప్లార్ కొమ్మలతో పాటు ఎండిన పేడ వాడతారు. పలచటి రేకు గొట్టం త్వరగా చల్లబడుతుంది, తారు కారుతుంది, తుప్పు పడుతుంది. ఆ కొండల్లో కాపలా కాసిన తెలుగు సైనికులకు ఈ పొయ్యి బాగా తెలుసు.

పొగగొట్టం మీద తెలుగు నేలలో జరిగిన ముఖ్యమైన కృషి చలికోసం కాదు, వంటింటి పొగ కోసం. హైదరాబాదులోని ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు పొగలేని మట్టి పొయ్యిని రూపొందించి, 1953లో దాని మీద పుస్తకం ప్రచురించాడు. ఒకే మంట మీద వరుసగా గిన్నెలు, చివర గొట్టం. తర్వాతి దశాబ్దాల్లో దేశమంతటా వచ్చిన మెరుగైన పొయ్యిల ప్రయత్నాలకు అది దారి తీసినవాటిలో ఒకటి.

ఊరి మీద పరుచుకునే పొగ

గొట్టం ఇంటి పొగను ఊరికి పంపుతుంది. చలి రాత్రుల్లో నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చటి గాలి పొర ఏర్పడి మూతలా నిలిస్తే ఆ పొగ ఎక్కడికీ పోదు. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ లోయలో ఇలాగే జరుగుతుంది. అక్కడి చలికాలపు సన్నటి ధూళికణాల కాలుష్యానికి ప్రధాన కారణం కట్టెల పొయ్యిలే. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో ఈ పొయ్యిల వాడకం ఒక్కసారిగా పెరగడంతో 1988లో అక్కడి కేంద్ర ప్రభుత్వం పొగకు హద్దులు పెట్టింది: గంటకు 7.5 గ్రాములు, ఉత్ప్రేరకం ఉన్నవాటికి 4.1. ఆ హద్దు 2015లో 4.5కు, 2020లో 2 గ్రాములకు దిగింది; మామూలు చీల్చిన కట్టెతో పరీక్షించిన వాటికి 2.5. పొయ్యి పైభాగంలో వేడెక్కిన గాలిని రెండోసారి వదిలి కాలని వాయువులను కాల్చడం ద్వారా, లేదా పల్లాడియం, ప్లాటినం పూసిన తేనెపట్టు వంటి జల్లెడ గుండా వాటిని పంపడం ద్వారా తయారీదారులు ఈ హద్దును అందుకున్నారు.

టాస్మేనియాలోని లాన్సెస్టన్ పట్టణం పొయ్యిలనే తగ్గించింది. 2001లో మొదలైన ప్రభుత్వ సాయంతో కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లు 2004కల్లా 66 శాతం నుంచి 30 శాతానికి దిగాయి. చలికాలంలో గాలిలోని ధూళికణాలు ఘనపు మీటరుకు సగటున 44 మైక్రోగ్రాముల నుంచి 27కు తగ్గాయి. పొయ్యి మార్చుకున్నవారిలో ఎక్కువమంది విద్యుత్తుతో నడిచే హీటర్లకు మళ్లారు.